అమెరికా పక్కకు జరుగుతుంటే యూరప్‌కు కాపలా ఎవరు?

క్లుప్తంగా: యూరప్, ఉత్తర అమెరికా దేశాల సైనిక కూటమి నాటో నుంచి అమెరికా తప్పుకోలేదు. చట్టప్రకారం తప్పుకోవడం అంత తేలికా కాదు. అయితే యూరప్ మీద దాడి జరిగితే అమెరికా వచ్చి తీరుతుందన్న నమ్మకం 2025 నుంచి బాగా సడలింది. ఆ లోటు పూడ్చడానికి యూరప్ దేశాలు డబ్బును వేగంగానే సమకూరుస్తున్నాయి. ఫిరంగి గుండ్లు, క్షిపణులు, ఉపగ్రహాలు, శిక్షణ పొందిన మనుషులు మాత్రం అంత వేగంగా రారు. డబ్బు మంజూరైన రోజుకూ బలం చేతికొచ్చే రోజుకూ మధ్య ఉన్న ఈ నాలుగైదేళ్లే అసలు సమస్య.

2025 మార్చి మొదటి వారంలో అమెరికా ఉక్రెయిన్‌కు ఆయుధాలు పంపడం నిలిపేసింది. ఆ వెంటనే నిఘా సమాచారం ఇవ్వడం కూడా ఆపేసింది. అంతకు కొద్ది రోజుల ముందే, ఫిబ్రవరి 28న, శ్వేతసౌధంలో కెమెరాల ఎదుటే ట్రంప్, ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీల మధ్య మాటా మాటా పెరిగింది. మార్చి 11న సౌదీ అరేబియాలోని జెడ్డాలో చర్చలు జరిగాక రెండూ మళ్లీ మొదలయ్యాయి. మొత్తం వ్యవహారం వారం పైచిలుకు మాత్రమే. కానీ యూరప్ రాజధానుల్లో ఆ వారం పెంచిన టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు.

ఆయుధాలు ఆగడం కన్నా సమాచారం ఆగడమే వాళ్లను ఎక్కువ కలవరపెట్టింది. తుపాకులు, గుండ్లు గోదాముల్లో కొన్నాళ్లకు సరిపడా ఉంటాయి. శత్రువు విమానం ఏ స్థావరం నుంచి లేచింది, క్షిపణి ఎటువైపు వస్తోంది అనే కబురును నిల్వ పెట్టుకోలేం. ఏ నిమిషానికా నిమిషం అందాల్సిందే. ఉక్రెయిన్‌కు జరిగింది రేపు తమకు జరిగితే అన్న ప్రశ్న వార్సా నుంచి లిస్బన్ దాకా ఒకేసారి లేచింది.

ఒప్పందంలో నిజంగా ఏముంది?

1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేసిన ఒప్పందంతో నాటో పుట్టింది. 2023లో ఫిన్లాండ్, 2024లో స్వీడన్ చేరాక సభ్యుల సంఖ్య 32 అయింది. ఒకరి మీద దాడిని అందరి మీదా దాడిగా చూస్తామన్న మాట ఆర్టికల్ 5లోది. అంతవరకు చాలామందికి తెలుసు. దాని తర్వాతి భాగాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. దాడికి గురైన దేశానికి సాయంగా ప్రతి సభ్యదేశం తనకు అవసరమనిపించిన చర్య తీసుకోవాలి, అందులో సైనిక బలాన్ని వాడటం కూడా ఉండొచ్చు అని అక్కడ రాసి ఉంది. సైన్యాన్ని పంపి తీరాలని ఎక్కడా లేదు. యుద్ధం ప్రకటించే అధికారం తమ చేతుల్లోనే ఉండాలని అమెరికా సెనేటర్లు పట్టుబట్టడంతో ఆ వాక్యాన్ని అలా వదులుగా రాశారు.

విచిత్రమేమిటంటే, యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోని ఆర్టికల్ 42.7 భాష దీనికన్నా గట్టిది. తమ శక్తి మేరకు అన్ని విధాలా సాయం చేయాల్సిన బాధ్యత సభ్యదేశాలపై ఉందని అది చెబుతుంది. 2015 నవంబరులో ప్యారిస్ దాడుల తర్వాత ఫ్రాన్స్ దాన్ని ఒకసారి ఉపయోగించుకుంది. అయినా ఆ అధికరణాన్ని చూసి భయపడే శత్రువు లేడు. నాటో మాట చూసి భయపడతారు. తేడా భాషలో లేదు, వెనక ఉన్న బలంలో ఉంది. ఆర్టికల్ 5ను ఇంతవరకు ఒకేసారి అమల్లోకి తెచ్చారు. అదీ 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడు, అమెరికా కోసమే.

దొంగ జంకేది తలుపుకున్న తాళాన్ని చూసి కాదు, లోపల మనిషి ఉన్నాడని తెలిసి. జర్మనీ, పోలండ్, ఇటలీల్లో ఉన్న అమెరికా సైనికుల అసలు పని అదే. రష్యా సేనలు సరిహద్దు దాటితే మొదటి రోజునే అమెరికా సైనికులూ చనిపోతారు, అప్పుడు వాషింగ్టన్ ఊరుకోలేదు అన్న లెక్క మీద ఏడు దశాబ్దాలకు పైగా యూరప్ నిద్రపోయింది. అందుకే సైనికుల సంఖ్య తగ్గుతుందన్న ప్రతి వార్తా అక్కడ పెద్ద వార్త అవుతుంది. 2025 అక్టోబరులో రొమేనియాలోని ఒక బ్రిగేడ్ (కొన్ని వేల మంది సైనికుల దళం) తిరిగి వెళ్లాక దాని స్థానంలో మరొకటి పంపబోమని అమెరికా ప్రకటించినప్పుడు కలిగిన కలవరం, పోయిన సైనికుల సంఖ్యతో పోలిస్తే చాలా ఎక్కువ.

అమెరికా కాంగ్రెస్ మాత్రం కొన్ని అడ్డుకట్టలు వేసింది. సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు గానీ, కాంగ్రెస్ చేసిన ప్రత్యేక చట్టం గానీ లేకుండా అధ్యక్షుడు నాటో నుంచి తప్పుకోకూడదని 2023 డిసెంబరులో చట్టం చేసింది. 2025 డిసెంబరు నాటి రక్షణ చట్టం యూరప్‌లోని బలగాలను 45 రోజులకు మించి 76,000 కన్నా తగ్గించడానికి షరతులు పెట్టింది. అయితే సభ్యత్వం వదులుకోకుండానే చేతులు కట్టుకు కూర్చునే వీలుంది. దాన్ని ఏ చట్టమూ ఆపలేదు. 2025 జూన్‌లో హేగ్‌లో జరిగే నాటో సదస్సుకు వెళ్తూ, ఆర్టికల్ 5కు చాలా నిర్వచనాలున్నాయని ట్రంప్ అన్నారు. ఒప్పందంలో ఒక్క అక్షరం మారకుండానే దాని విలువ తగ్గింది.

ఈ గొడవ కొత్తదా?

కాదు. నాటో తొలి సైన్యాధిపతి ఐజన్‌హోవరే 1951లో, పదేళ్లలో అమెరికా సేనలు ఇంటికి రాకపోతే ఈ ప్రయత్నం విఫలమైనట్టేనని రాశారు. సొంత కాళ్ల మీద నిలబడటానికి యూరప్ మొదటి ప్రయత్నమూ ఆ రోజుల్లోనే జరిగింది. ఆరు దేశాలు కలిసి ఉమ్మడి సైన్యం పెట్టుకోవాలని 1952లో ఒప్పందం రాసుకున్నాయి. ఆలోచన ఫ్రాన్స్‌ది. 1954 ఆగస్టు 30న దాన్ని తోసిపుచ్చింది కూడా ఫ్రాన్స్ పార్లమెంటే. జర్మన్ సైనికుడు మళ్లీ తుపాకీ పట్టడం యుద్ధం ముగిసిన తొమ్మిదేళ్లకే చూడటానికి ఆ దేశానికి మనసొప్పలేదు. మరుసటి ఏడాది పశ్చిమ జర్మనీని నేరుగా నాటోలోకి తీసుకున్నారు. ఉమ్మడి యూరప్ సైన్యం అనే మాట ఆ తర్వాత ఎన్నిసార్లు లేచినా మళ్లీ అంత దూరం వెళ్లలేదు.

1956లో సూయెజ్ కాలువ వ్యవహారంలో బ్రిటన్, ఫ్రాన్స్‌లను అమెరికా బలవంతాన వెనక్కి లాగింది. ఆ దెబ్బ నుంచి రెండు దేశాలూ రెండు వేర్వేరు పాఠాలు నేర్చుకున్నాయి. అమెరికాకు ఎప్పుడూ ఎదురెళ్లకూడదని బ్రిటన్, ఎప్పుడూ ఆధారపడకూడదని ఫ్రాన్స్ నిర్ణయించుకున్నాయి. ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ 1966లో నాటో సైనిక వ్యవస్థ నుంచి ఫ్రాన్స్‌ను బయటికి తీసుకొచ్చారు. నాటో ప్రధాన కార్యాలయం ప్యారిస్ నుంచి బ్రసెల్స్‌కు మారింది. ఫ్రాన్స్ తిరిగి చేరింది 2009లోనే. అమెరికా వైపు చూస్తే, యూరప్‌లోని సేనలను సగానికి తగ్గించాలని 1971లో సెనేటర్ మాన్స్‌ఫీల్డ్ తెచ్చిన ప్రతిపాదన 61-36 ఓట్లతో వీగిపోయింది. 2011లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బ్రసెల్స్‌లో మాట్లాడుతూ, యూరప్ ఇలాగే ఖర్చు తగ్గించుకుంటూ పోతే తర్వాతి తరం అమెరికా నేతలకు నాటో మీద ఆసక్తి ఉండదని గట్టిగా హెచ్చరించారు. అప్పుడు అధ్యక్షుడు ఒబామా.

మరి ఇప్పుడు మారిందేమిటి? ఇదివరకటి తగాదా బిల్లు ఎవరు కట్టాలన్నది. ఎదుటివాడు ఎవరన్న దానిపై భేదం లేదు. 2025 ఫిబ్రవరిలో రక్షణ మంత్రి హెగ్సెత్ బ్రసెల్స్‌లో, ఉపాధ్యక్షుడు వాన్స్ మ్యూనిక్‌లో చేసిన ప్రసంగాల తర్వాత ఆ భేదమే ముందుకొచ్చింది. యూరప్‌కు ముప్పు రష్యా నుంచో చైనా నుంచో కన్నా లోపలి నుంచే ఎక్కువని వాన్స్ అన్నారు. డిసెంబరులో వెలువడిన అమెరికా జాతీయ భద్రతా వ్యూహ పత్రం తన సొంత అర్ధగోళానికే పెద్దపీట వేసింది, యూరప్ నాగరికతే చెరిగిపోయే ప్రమాదంలో ఉందని రాసింది. ఆ పైన గ్రీన్‌లాండ్. డెన్మార్క్ అధీనంలోని ఆ దీవి తమకు కావాలంటూ, అందుకు అడ్డొస్తున్న ఎనిమిది యూరప్ దేశాల సరుకులపై సుంకాలు వేస్తామని 2026 జనవరిలో ట్రంప్ బెదిరించారు. కొద్ది రోజులకే దావోస్‌లో వెనక్కి తగ్గారు. ఆ దీవిలో స్థావరాలు పెట్టుకునే హక్కు అమెరికాకు 1951 ఒప్పందం నుంచే ఉంది. నాటోలోని ఒక దేశం మరో సభ్యదేశపు భూమిని అడగడమన్నది మాత్రం ఆర్టికల్ 5 రాసినవారి ఊహలో లేని సంగతి.

చందా కట్టలేదన్న మాట వెనక

యూరప్ దేశాలు నాటోకు బకాయి పడ్డాయన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇక్కడ రెండు లెక్కలు కలగలిసిపోయాయి. నాటోకంటూ ఒక ఉమ్మడి బడ్జెట్ ఉంది. 2025లో అది దాదాపు 460 కోట్ల యూరోలు. అందులో అమెరికా, జర్మనీల వాటా సమానం, చెరి 16 శాతం దగ్గర. ఎవరి బకాయీ లేదు. గొడవ రెండో లెక్కది. ప్రతి దేశం తన సొంత సైన్యం మీద జీడీపీలో ఎంత ఖర్చు పెడుతోంది అన్నది. 2014లో 2 శాతం లక్ష్యం పెట్టుకున్నప్పుడు దాన్ని అందుకున్నవి మూడే దేశాలు.

2025 జూన్‌లో హేగ్ సదస్సు ఆ లక్ష్యాన్ని 2035 నాటికి 5 శాతానికి పెంచింది. అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి, మిగతా 1.5 శాతం రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత వంటి అనుబంధ పనులకు. ఈ రెండో పద్దు సాగదీయడానికి అనువుగా ఉంది. సిసిలీ దీవికి కట్టాలనుకుంటున్న భారీ వంతెనను ఈ ఖాతాలో చూపించొచ్చా అన్న చర్చ ఇటలీలో నడిచింది. స్పెయిన్ ప్రధాని సాంచెజ్ తమకు 2.1 శాతం చాలని చెప్పి పక్కకు తప్పుకున్నారు.

డబ్బు దొరికింది, సరుకు దొరకాలి

అన్నిటికన్నా పెద్ద మలుపు జర్మనీది. అప్పు చేయడాన్ని రాజ్యాంగంలోనే కట్టడి చేసుకున్న దేశం అది. 2025 మార్చిలో జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకు ఆ కట్టడి వర్తించకుండా రాజ్యాంగాన్ని సవరించుకుంది. అంటే సైన్యం కోసం ఎంత అప్పయినా చేయొచ్చు. 2029కే 3.5 శాతానికి చేరాలన్నది జర్మనీ ప్రణాళిక. ఆ దేశపు మొత్తం అప్పు జీడీపీలో 60 శాతం పైచిలుకే కాబట్టి మోయగలదు. ఫ్రాన్స్ అప్పు 110 శాతం దాటింది, ఇటలీది 130 దాటింది. అణ్వస్త్రాలు, యుద్ధానుభవం ఉన్న ఫ్రాన్స్ దగ్గర డబ్బు లేదు, డబ్బున్న జర్మనీ దగ్గర సిద్ధంగా ఉన్న సైన్యం లేదు. ప్రచ్ఛన్న యుద్ధం నాడు పశ్చిమ జర్మనీకి రెండు వేలకు పైగా లెపర్డ్-2 ట్యాంకులుండేవి. ఇప్పుడున్నవి మూడు వందల దరిదాపుల్లో.

యూరోపియన్ యూనియన్ ప్రకటించిన 80,000 కోట్ల యూరోల అంకె పత్రికల్లో బాగా తిరిగింది. దాన్ని కాస్త విడదీసి చూడాలి. అందులో 65,000 కోట్లు యూనియన్ ఇచ్చే సొమ్ము కాదు. లోటు బడ్జెట్ నిబంధనలు సడలించినందువల్ల దేశాలు సొంతంగా అప్పు చేసి ఖర్చు పెట్టుకోవచ్చన్న అంచనా. నిజంగా యూనియన్ సమకూర్చేది సేఫ్ అనే పథకం కింద 15,000 కోట్ల రుణం. అందులో అతి పెద్ద వాటా, 4,300 కోట్లకు పైగా, పోలండ్‌ది. కొనే ఆయుధాల విలువలో 65 శాతం యూరప్‌లో తయారైనదే ఉండాలని షరతు. ఈ పథకంలో బ్రిటన్‌నూ పూర్తిగా చేర్చుకోవాలని మొదలెట్టిన చర్చలు ప్రవేశ రుసుము ఎంతన్న దగ్గర 2025 నవంబరులో చెడిపోయాయి. కెనడా మాత్రం చేరింది. ముప్పు ముంచుకొస్తోందని ఒకవైపు అంటూనే మరోవైపు బేరం తెగక లేచిపోయిన సందర్భమిది.

డబ్బుతో వెంటనే కొనలేనివి ఏమిటో ఫిరంగి గుండ్ల కథ చెబుతుంది. 2024 మార్చికల్లా ఉక్రెయిన్‌కు పది లక్షల 155 ఎంఎం గుండ్లు ఇస్తామని యూరప్ మాట ఇచ్చింది. గడువుకు చేరినవి సుమారు సగం. డబ్బు లేక కాదు, కర్మాగారాలు లేక. గుండులో నింపే టీఎన్‌టీ అనే పేలుడు పదార్థాన్ని చెప్పుకోదగ్గ స్థాయిలో తయారు చేసే కర్మాగారం పోలండ్‌లోని బిడ్‌గోష్చ్‌లో ఉంది. మిగతా దేశాల్లో అలాంటివి చాలావరకు ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక మూతపడ్డాయి. గుండును ఫిరంగి నుంచి తోసే మందుకు నైట్రోసెల్యులోజ్ కావాలి. దానికి ముడిసరుకు జిన్నింగ్ తర్వాత కూడా పత్తి గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు. పత్తి జిల్లాల్లో నూనె మిల్లుల దగ్గర అందరూ చూసేదే. యూరప్ ఆ నూగును చాలా భాగం చైనా నుంచి తెచ్చుకుంటోంది. రష్యాకు స్నేహితుడైన దేశపు నూగుతో రష్యాను అడ్డుకునే గుండ్లన్నమాట.

2025 ఆగస్టులో జర్మనీలోని ఉంటర్‌ల్యూస్ అనే చిన్న ఊళ్లో రైన్‌మెటల్ కంపెనీ కొత్త గుండ్ల కర్మాగారం తెరిచింది. 2027కు అది ఏడాదికి 3.5 లక్షల గుండ్లు చేయగలదు. అంటే ఈ ఒక్క విషయంలో యూరప్ నిజంగానే వేగం పుంజుకుంది. గగనతల రక్షణ సంగతి అలా లేదు. పేట్రియాట్ వ్యవస్థలో వాడే అధునాతన క్షిపణులు అమెరికాలో ఏడాదికి 600 పైచిలుకు తయారవుతాయి. ఆ క్యూలో అమెరికా సైన్యం, ఉక్రెయిన్, గల్ఫ్ దేశాలు, యూరప్ అంతా నిలబడి ఉన్నాయి. డబ్బు కట్టి ఎదురు చూస్తున్న స్విట్జర్లాండ్‌కు 2025 జులైలో ఆలస్యమవుతుందన్న కబురు అందింది. ముందు ఉక్రెయిన్‌కు ఇవ్వాలన్నది కారణం.

అమెరికా తయారుచేసే ఎఫ్-35 యుద్ధవిమానాల చుట్టూ మరో అనుమానం తిరుగుతోంది. అమెరికా ఎక్కడో మీట నొక్కితే అవి ఎగరకుండా ఆగిపోతాయా అని. అలాంటి మీట ఉందనడానికి ఆధారం లేదు. దాని అవసరం కూడా లేదు. సాఫ్ట్‌వేర్ నవీకరణలు, విడిభాగాలు, శత్రువు రాడార్ల వివరాలతో కూడిన డేటా అమెరికా నుంచి రావడం ఆగితే కొన్ని నెలల్లో విమానం పదును పోతుంది. డజనుకు పైగా యూరప్ దేశాలు దాన్ని కొన్నాయి లేదా కొనబోతున్నాయి. స్పెయిన్ వద్దనుకుంది. దీనికి ప్రత్యామ్నాయంగా ఫ్రాన్స్, జర్మనీ 2017లో తలపెట్టగా స్పెయిన్ తర్వాత చేరిన కొత్త తరం యుద్ధవిమానం, పెత్తనం ఎవరిదన్న దానిపై దసో, ఎయిర్‌బస్ కంపెనీల మధ్య తగాదాలో చిక్కుకుంది. అది అనుకున్నట్టే నడిచినా సైన్యం చేతికి వచ్చేది 2040 ప్రాంతంలో.

కంటికి ఆనని బలం

సైనికులు, ట్యాంకులు, విమానాల లెక్కలు తీస్తే యూరప్ రష్యాకు తీసిపోదు. జనాభాలోనూ ఆదాయంలోనూ ఎన్నో రెట్లు పెద్దది. లోటంతా ఈ బలాలను కలిపి నడిపించే పనుల్లో ఉంది. గాల్లో విమానాలకు ఇంధనం నింపే ట్యాంకర్లు, భారీ రవాణా విమానాలు, ఉపగ్రహ నిఘా, శత్రువు గగనతల రక్షణను ముందుగా కూల్చే సామర్థ్యం, వీటన్నిటినీ ఒక్కచోటి నుంచి నడిపే కమాండ్. రక్షణ మంత్రులు ట్యాంకర్ల గురించి మాట్లాడటం అరుదు. ఫొటోకు యుద్ధవిమానమే బాగుంటుంది మరి. 2011లో లిబియా మీద దాడులు యూరప్ నాయకత్వంలో జరిగాయన్నారు కానీ, గాల్లో ఇంధనం నింపే పని చాలా భాగం అమెరికా విమానాలే చేశాయి. వారాలు గడిచేసరికి కొన్ని యూరప్ దేశాలకు బాంబులు కూడా తగ్గిపోయాయి. ఎదుటి పక్షం చిన్న దేశం, గగనతల రక్షణ అంతంత మాత్రం. రష్యా అలా కాదు.

కమాండ్ సంగతి ఇంకా లోతైనది. 1951లో ఐజన్‌హోవర్ నుంచి నేటి దాకా నాటో సర్వ సైన్యాధిపతి ఎప్పుడూ అమెరికా జనరలే. ఆయనే యూరప్‌లోని అమెరికా బలగాలకూ అధిపతి. ఒకే మనిషి రెండు టోపీలు పెట్టుకోవడం వల్ల అమెరికా నిఘా, అణు వ్యవస్థ నాటోకు ముడిపడి ఉన్నాయి. ఆ పదవిని యూరప్ జనరల్‌కు ఇస్తే గౌరవం దక్కుతుంది, ముడి మాత్రం తెగిపోతుంది. పైగా ఏ దేశపు జనరల్‌కు? ఫ్రెంచి అధికారి కింద పోలండ్, పోలిష్ అధికారి కింద జర్మనీ పనిచేయడానికి ఎంతవరకు ఒప్పుకుంటాయో ఇంతవరకు పరీక్షకు రాలేదు. అమెరికా పెద్దరికం యూరప్‌కు ఇచ్చిన అసలు వరం ఈ ప్రశ్న అడగాల్సిన పని లేకుండా చేయడమే.

అణు గొడుగు

అమెరికా, రష్యాల దగ్గర పాతబడి పక్కన పెట్టినవాటితో కలిపి చెరి ఐదు వేలకు పైగా అణు వార్‌హెడ్లు (క్షిపణుల మొనలో అమర్చే అణుబాంబుల వంటివి) ఉన్నాయి. ఫ్రాన్స్ దగ్గర 290, బ్రిటన్ దగ్గర 225 ఉంటాయని అంచనా. బ్రిటన్ వార్‌హెడ్లు సొంతవే కానీ, వాటిని మోసే ట్రైడెంట్ క్షిపణులు అమెరికాతో పంచుకునే ఉమ్మడి నిల్వలోవి, వాటి నిర్వహణ జార్జియా రాష్ట్రంలోని అమెరికా నౌకా స్థావరంలో జరుగుతుంది. పూర్తిగా సొంతమైనది ఫ్రాన్స్‌ది ఒక్కటే. నిఘా సమాచారం ఆగిన ఆ వారంలోనే, 2025 మార్చి 5న, ఫ్రాన్స్ అణు రక్షణను మిత్రదేశాలకూ విస్తరించడంపై చర్చ మొదలుపెడతామని ఆ దేశాధ్యక్షుడు మెక్రాన్ టీవీలో ప్రకటించారు. జులైలో బ్రిటన్, ఫ్రాన్స్ తమ అణు బలగాలను సమన్వయం చేసుకోవచ్చని బ్రిటన్‌లోని నార్త్‌వుడ్‌లో ప్రకటన చేశాయి.

ఇక్కడి చిక్కు సంఖ్యలది కాదు. మీట నొక్కే అధికారం ఫ్రాన్స్ అధ్యక్షుడిదే అని మెక్రాన్ కూడా స్పష్టం చేశారు. బోస్టన్‌ను పణంగా పెట్టి అమెరికా నాటి పశ్చిమ జర్మనీ రాజధాని బాన్‌ను కాపాడుతుందా అన్నది ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ప్రశ్న. ఇప్పుడదే ప్రశ్నను ఎస్టోనియా రాజధాని టాలిన్ కోసం ప్యారిస్‌ను పణంగా పెడతారా అని అడగాలి. పైగా 2027లో ఫ్రాన్స్‌కు కొత్త అధ్యక్షుడు వస్తారు. వాషింగ్టన్ ఎన్నికల మీద నమ్మకం లేక ప్యారిస్ వైపు చూసేవాళ్లు ప్యారిస్ ఎన్నికలనూ లెక్కలోకి తీసుకోవాలి.

ముప్పు అందరికీ ఒకటి కాదు

పోలండ్ 2025లో జీడీపీలో సుమారు నాలుగున్నర శాతం సైన్యానికి ఖర్చు పెట్టింది. దక్షిణ కొరియా నుంచి ట్యాంకులు తెచ్చుకుంది, ఎందుకంటే జర్మనీ కన్నా త్వరగా ఇస్తామన్నది వాళ్లే. 1,340 కిలోమీటర్ల సరిహద్దు రష్యాతో పంచుకునే ఫిన్లాండ్ నిర్బంధ సైనిక సేవను ఎన్నడూ మానలేదు. పిరనీస్ పర్వతాల అవతలున్న స్పెయిన్‌కు రష్యా ట్యాంకుల కన్నా ఆఫ్రికా తీరం సమస్యలే దగ్గరివి. రష్యా ఇంధనం మీద ఆధారపడ్డ హంగరీ లెక్క మరొకటి.

సైనిక నిపుణులు తరచూ వేలు పెట్టి చూపే చోటు పోలండ్, లిథువేనియాల మధ్య సువాల్కీ ఇరుకుదారి. నేరుగా కొలిస్తే సుమారు 65 కిలోమీటర్లుండే ఆ దారికి ఒకవైపు రష్యా వారి కలినిన్‌గ్రాడ్, మరోవైపు బెలారస్. అది మూసుకుపోతే మూడు బాల్టిక్ దేశాలకూ (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) మిగతా నాటో దేశాల నుంచి భూమార్గం ఉండదు. ఉన్న రైలుమార్గం మరో తలనొప్పి. ఒకప్పటి సోవియట్ పట్టాల వెడల్పు 1520 మిల్లీమీటర్లు, మిగతా యూరప్‌లో చాలావరకు 1435. గుంతకల్లులో మీటర్ గేజ్ బండి దిగి బ్రాడ్ గేజ్ ఎక్కిన తరానికి ఇది వివరించనక్కర్లేదు. ఇక్కడ దిగి ఎక్కాల్సింది ట్యాంకులు. రైల్ బాల్టికా అనే కొత్త మార్గం 2030కి పూర్తి కావాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తొలిసారి జర్మనీ ఒక బ్రిగేడ్‌ను శాశ్వతంగా విదేశంలో, ఇదే లిథువేనియాలో, నిలుపుతోంది. 2027 ఆఖరుకు దాదాపు 5,000 మంది అక్కడ ఉంటారు.

పరీక్ష యుద్ధం రూపంలోనే రావాలని లేదు. 2025 సెప్టెంబరు 9 అర్ధరాత్రి దాటాక సుమారు 20 రష్యా డ్రోన్లు పోలండ్‌లోకి వచ్చాయి. నాటో యుద్ధవిమానాలు కొన్నింటిని కూల్చాయి. వేల డాలర్ల డ్రోన్ మీద లక్షల డాలర్ల క్షిపణి ప్రయోగించారు. ఇది ఆర్టికల్ 5 స్థాయి దాడి కాదు, అలాగని పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు. ఆ మధ్యనున్న జాగాలోనే అమెరికా మాట ఎంత గట్టిదో ఎవరైనా కొద్దికొద్దిగా తాకి చూడొచ్చు.

మనుషుల కొరత కూడా ఉంది. 2011లో నిర్బంధ సేవను ఆపేసిన జర్మనీ, 1,80,000 దగ్గరున్న సైన్యాన్ని 2,60,000కు పెంచాలనుకుంటోంది. 2026 జనవరి నుంచి 18 ఏళ్లు నిండే యువకులంతా సైన్యంలో చేరే ఆసక్తి గురించి ప్రశ్నావళి నింపాలి. చేరడం మాత్రం వాళ్ల ఇష్టం. ఇష్టంతో వచ్చేవాళ్లు చాలకపోతే ఏం చేయాలన్నది అప్పుడు పార్లమెంటు తేల్చాలి.

ఉక్రెయిన్ బిల్లు చేతులు మారింది

ఉక్రెయిన్ విషయంలో బాధ్యతల మార్పిడి ఇప్పటికే జరిగిపోయింది. 2025 వేసవి నుంచి అమెరికా ఆయుధాలు ఉచితంగా వెళ్లడం లేదు. యూరప్ దేశాలు, కెనడా డబ్బు కడితే సుమారు 50 కోట్ల డాలర్ల విడతల్లో అమెరికా సరుకు ఉక్రెయిన్‌కు చేరుతోంది. దాత కాస్తా దుకాణదారుడయ్యాడు. స్తంభింపజేసిన రష్యా ఆస్తులు యూరోపియన్ యూనియన్‌లో 21,000 కోట్ల యూరోల దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం బెల్జియంలోని యూరోక్లియర్ అనే ఆర్థిక సంస్థలో. వాటి ఆధారంగా రుణం ఇద్దామన్న ఆలోచన, రేపు రష్యా దావా వేస్తే భారం తమ ఒక్కరి మీదే పడుతుందన్న బెల్జియం భయంతో ఆగింది. చివరికి 2025 డిసెంబరులో ఉమ్మడి అప్పు చేసి 9,000 కోట్ల యూరోలు ఇవ్వాలని నిర్ణయించారు. హంగరీ, స్లొవాకియా, చెక్ దేశాలు ఆ భారం నుంచి మినహాయింపు తీసుకున్నాయి. కాల్పుల విరమణ కుదిరితే ఉక్రెయిన్ భద్రతకు బలగాలు గానీ సాయం గానీ ఇస్తామని 26 దేశాలు ముందుకొచ్చాయి. ఆ హామీ వెనక అమెరికా నిలబడాలన్నది వాటిలో చాలా దేశాల మనసులో మాట.

యూరప్ కొత్త భాగస్వాముల కోసం వెతుకుతున్న ఈ సమయంలోనే 2026 జనవరిలో భారత్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై చర్చలు ముగిశాయి, రక్షణ భాగస్వామ్యంపై సంతకాలు జరిగాయి. తెలుగు నేలకు దగ్గరి సంగతి ఒకటుంది. ఫ్రాన్స్ యుద్ధవిమానం రఫేల్ ఫ్యూజ్‌లేజ్‌లను (విమానం ప్రధాన దేహాన్ని) హైదరాబాద్‌లో తయారు చేయడానికి 2025 జూన్‌లో దసో, టాటా సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి. అవి ఫ్రాన్స్ బయట తయారవడం ఇదే మొదలు.

2029 అనే ఏడాది

యూరప్ రక్షణ ప్రణాళికల్లో ఒక సంవత్సరం పదే పదే కనిపిస్తుంది. 2029కి నాటో దేశంపై దాడి చేసే స్థితికి రష్యా చేరుకోవచ్చని జర్మనీ సైన్యాధిపతి బ్రాయర్, రక్షణ మంత్రి పిస్టోరియస్ చెబుతూ వచ్చారు. అది జోస్యం కాదు, రష్యా కర్మాగారాల ఉత్పత్తి వేగం చూసి వేసిన అంచనా. జర్మనీ 3.5 శాతానికి చేరాలనుకున్నదీ 2029లోనే. హేగ్‌లో ఒప్పుకున్న 5 శాతం దారిలో ఎవరెంత నడిచారో సమీక్షించాల్సిందీ 2029లోనే. ఆ ఏడాది జనవరి 20న వాషింగ్టన్‌లో కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేస్తారు. అప్పటికి రైల్ బాల్టికా పట్టాలు పూర్తి కావడానికి కనీసం ఇంకో ఏడాది ఉంటుంది.